టీబీ ఇమ్యూనాలజీ నాకు ఎలా పట్టుబడిందంటే

మెడికల్ పీజీ ఎంట్రన్స్ రిజల్ట్ వచ్చింది, కోరుకున్న బ్రాంచి ఖాయం. మైక్రోబయాలజీ ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు. పేరాసైట్లూ వైరస్‌లూ అందరిలాగే చదివాను: టేబుళ్లు, పాత ప్రశ్నలు, రివిజన్. నాకు ధైర్యం తెచ్చిపెట్టింది మాత్రం మైకోబ్యాక్టీరియా ఇమ్యూనిటీ, అంటే టీబీ, లెప్రసీ (కుష్ఠు) తెచ్చే బ్యాక్టీరియా కుటుంబంతో ఒళ్లు పోరాడే తీరు.

కిందటిసారి చేతిలో ఉన్న కోచింగ్ నోట్సులో ఇదంతా తలో దిక్కూ ఉండేది. టీహెచ్1 కణాలు (మాక్రోఫేజ్‌లకు బలమిచ్చే ఒక రకం టీ కణాలు) ఒకచోట, గ్రాన్యులోమా (బ్యాక్టీరియా చుట్టూ రక్షక కణాలు కట్టే ముద్ద) పాథాలజీలో, టీబీ టీకా బీసీజీలోని బ్యాక్టీరియా ఒంటినిండా పాకిన పసిబిడ్డ పీడియాట్రిక్స్‌లో, లెప్రసీ డెర్మటాలజీలో. ఈసారి నోట్సు మూసేసి తెల్లకాగితం మీద ఒకే గీత గీశాను.

ఆ గీత ఇదీ: ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ (సూక్ష్మజీవుల్ని మింగే రక్షక కణం) టీబీ బ్యాక్టీరియాను మింగుతుంది కానీ అరిగించుకోలేదు. మింగినదాన్ని ఉంచిన సంచి (ఫాగోజోమ్) అరిగించే రసాలున్న సంచి (లైసోజోమ్)తో కలవకుండా బ్యాక్టీరియానే అడ్డుపడుతుంది. డెండ్రిటిక్ కణం (కబురు మోసే రక్షక కణం) సమాచారాన్ని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి ఐఎల్-12 అనే సంకేత ప్రోటీన్ విడుదల చేస్తే టీహెచ్1 కణాలు తయారవుతాయి. అవి తిరిగొచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే మరో సంకేతం ఇస్తేనే మాక్రోఫేజ్‌కి చంపే సత్తువ వస్తుంది. ఈ రాకపోకలకు వారాలు పడుతుంది, మాంటూ (టీబీ చర్మ పరీక్ష) పాజిటివ్ కావడానికి 2 నుంచి 8 వారాలు పట్టేది అందుకే. చివర్లో టీఎన్‌ఎఫ్ అనే ఇంకో సంకేతం, గ్రాన్యులోమాను కట్టి నిలబెట్టేది.

ఇప్పుడు అదే గీతను ఒక్కోచోట కత్తిరించాను. నా ప్రిపరేషన్ మలుపు తిరిగింది అక్కడే. టీఎన్‌ఎఫ్ దగ్గర కోస్తే, దాన్ని అడ్డుకునే మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడుతున్న రోగిలో నిద్రాణంగా ఉన్న టీబీ లేస్తుంది. సీడీ4 కణాల (టీహెచ్1 వీటిలోదే) దగ్గర కోస్తే హెచ్‌ఐవీ: గ్రాన్యులోమా సరిగా కట్టదు, ఊపిరితిత్తుల్లో క్యావిటీ (గుంత) ఏర్పడదు, కఫం పరీక్ష నెగటివ్ రావచ్చు. పుట్టుకతో ఐఎల్-12ను అందుకునే రిసెప్టర్ బీటా1 లోపించినా, ఇంటర్‌ఫెరాన్ గామా రిసెప్టర్ పూర్తిగా లోపించినా బీసీజీ పాకుతుంది. మరి తేడా? మొదటి లోపమున్న బిడ్డకు ఇంటర్‌ఫెరాన్ గామా ఇంజెక్షన్ పనిచేస్తుంది. రెండో లోపమున్న బిడ్డ రక్తంలో అది ముందే ఎక్కువగా ఉంటుంది, అందుకునే రిసెప్టరే లేదు, కాబట్టి ఎంత ఇచ్చినా వృథా. మాక్ టెస్టులో ఈ రెండో బిడ్డే వచ్చాడు. ఆప్షన్లలో బ్రూటన్ వ్యాధి (యాంటీబాడీలు తయారుకాని పుట్టు లోపం) కూడా పెట్టారు. యాంటీబాడీలు ఈ గీతలో ఎక్కడా లేవు కదా, దాన్ని చూసిన వెంటనే కొట్టేశాను.

ఎంసీక్యూలకు ఇంత లోతెందుకని హాస్టల్లో నవ్వినవాళ్లున్నారు. నవ్వనీ. ఆర్థోలో నాకు మార్కులు తగ్గిన మాట నిజమే, దానికి పెట్టాల్సిన టైమ్ ఇక్కడ పెట్టాను, మళ్లీ రాయాల్సొచ్చినా ఇదే చేస్తాను. తెల్లవార్లూ మేలుకున్నామని గ్రూపుల్లో ఫోటోలు పెట్టుకుంటే చదువొస్తుందా? పొద్దున్నే పుస్తకం ముట్టకుండా ఆ గీత గీయగలిగితే ఆ రోజు చదివినట్టు, లేకపోతే లేదు. మూడ్ లేదు, ఒంట్లో బాలేదు లాంటి సాకులు నేనూ విన్నాను, చెప్పలేదు.

లెప్రసీ దీనికి కొసరు. ఆ జబ్బును రకాలుగా విడగొట్టే 1966 నాటి రిడ్లీ-జోప్లింగ్ వర్గీకరణను ఇదే గీత మీద పరచండి. టీహెచ్1 బలంగా ఉన్న కొసన ట్యూబర్‌క్యులాయిడ్, బ్యాక్టీరియా అరుదు. అది చతికిలబడ్డ కొసన లెప్రోమేటస్, బ్యాక్టీరియాతో కిక్కిరిసిన నురగ మాక్రోఫేజ్‌లు, లెప్రోమిన్ చర్మ పరీక్ష నెగటివ్. లెప్రసీలో ఉన్నట్టుండి వచ్చే వాపుల్లో టైప్ 1 రియాక్షన్ కణాల పని, టైప్ 2లో ఇమ్యూన్ కాంప్లెక్సులు (యాంటీబాడీలు పట్టిన ముద్దలు). ఇంతకుమించి నేను చదవలేదు.

ఐజీఆర్‌ఏ వదలకండి, అది టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా ఇస్తున్నాయో లేదో చూసే టీబీ రక్తపరీక్ష. అందులో వాడే టీబీ బ్యాక్టీరియా ప్రోటీన్లు ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 బీసీజీలో ఉండవు, కాబట్టి టీకా వల్ల తప్పుడు పాజిటివ్ రాదు. కానీ అదే కుటుంబంలోని క్యాన్సాసీ, మారినమ్ బ్యాక్టీరియాల్లో ఉంటాయి, ఎగ్జామినర్‌కి ఈ మెలిక ఇష్టం. సీడీ4 బాగా పడిపోయిన రోగిలో ఇదే పరీక్ష ‘ఇండిటర్మినేట్’ (తేల్చలేం) అని ఎందుకొస్తుందో నేను చెప్పను. గీత గీసి ఎక్కడ తెగిందో చూసుకోండి.