అమ్మ కత్తికి మైనం పూత

అమ్మ కూరగాయల కత్తి పిడి ఈమధ్య మరీ గరుకెక్కింది. పనసచెక్క పిడి. తడిసీ ఆరీ, తడిసీ ఆరీ పొన్ను (పిడి మొదట్లో వేసే లోహపు కట్టు) దగ్గర వెంట్రుకంత చీలింది. కొత్తది కొందామంటే "దీని పదును ఏ కత్తికొస్తాదిరా?" అంటుంది.

పోయిన నెల నేను చేసిన ఘనకార్యం కూడా రాసుకోవాలి. చెక్క బీరువాకి పూసే పేస్ట్ వ్యాక్స్ ఇంట్లో ఉంటే, మందంగా పట్టించి వదిలేశాను. తెల్లారేసరికి జిగట, దానిమీద దుమ్ము, టర్పెంటైన్ కంపు. "ఏటి పూసినావురా? వంకాయలు కిరసనాయిలు కొడతన్నాయి!" అని అమ్మ కేకలు. అదంతా గీకి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ఉత్త అవిసె నూనె రాసి రెండు వారాలు ఆరనిచ్చాను.

ఇవాళ మైనం నేనే కాచాను. మా బొబ్బిలిలో తేనెమైనం అడిగితే ఎవరూ వింతగా చూడరు. వీణ మెట్లు కూర్చునేది మైనంలోనే కదా, బొగ్గుపొడి కలిపి నల్లగా చేస్తారంతే. వీణ పని చేసే తెలిసినాయన బొగ్గు కలపని ముద్ద ఇచ్చాడు. మైనం 25 గ్రాములు, అవిసె నూనె 100. నేరుగా మంటమీద పెట్టలేదు, వేణ్ణీళ్ల గిన్నెలో చిన్నగిన్నె దింపాను. తేనెమైనం 62-64 డిగ్రీలకే కరిగిపోతుంది. చల్లారితే వెన్నముద్దలా అయింది.

వేలితో బఠాణీగింజంత తీసి రాశాను. పది నిమిషాలాగి పాత పంచెముక్కతో తుడవడం మొదలెట్టాను. అసలు పనంతా ఆ తుడుపులోనే ఉంది. జిడ్డు పోయేదాకా, గుడ్డ జారేదాకా తుడవాలి. ఎమరీకి బయటపడ్డ పసుపుచారలు తేనెరంగుకి తిరిగాయి. చీలిక మాత్రం చీలికలాగే ఉంది, మైనం అంటుకుని కాస్త నల్లగా. నూనెగుడ్డని ఉండచుట్టి పడేయలేదు, దండెంమీద విప్పి ఆరేశాను. అవిసె నూనె గుడ్డలు ముద్దగా పడుంటే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు.

సాయంత్రం అమ్మ బెండకాయలు కోసి, "బాగుందిరా, చేతికి ఇమిడింది" అంది. నీళ్లలో నానితే ఈ పూత నిలవదని రెండుసార్లు చెప్పాను. "తెలుసులేరా" అంది.

ఇప్పుడే మంచినీళ్లకి లేచాను. సింకులో ఎంగిలి గిన్నెల మధ్య, పిడి దాకా మునిగి ఉంది కత్తి. తీసి తుడిచి, కిటికీలో నిలబెట్టి వచ్చాను.