మా బడి, 210 రోజుల లెక్క

మహబూబ్ కాలేజీలో చదువుకున్నానంటే కొత్తవారు డిగ్రీ చదువు అనుకుంటారు. సికింద్రాబాదు పాతకాపులకు మాత్రం అది బడి అని వేరే చెప్పనక్కరలేదు. 1862లో సోమసుందరం ముదలియార్ ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలుగా స్థాపించిన ఈ సంస్థకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు తరువాత వచ్చింది. బడి మొదలయ్యేనాటికి ఆయన పుట్టనే లేదు, ఆయన జన్మించింది 1866లో. ఊరి మనిషి పూనికతో ముందు బడి వెలసిందనీ, పాలకుని పేరు ఆ వెనుక చేరిందనీ చెప్పే ఈ వరుస నాకెంతో ముఖ్యం. బ్రిటిషు కంటోన్మెంటును అంటిపెట్టుకుని పెరిగిన ఊరు కనుక, మద్రాసు సైన్యం వెంట వచ్చి ఇక్కడే స్థిరపడిన తమిళ కుటుంబాల చరిత్ర కూడా ఆ స్థాపకుని పేరు వినగానే నా మనసులో మెదులుతుంది.

నేను కూర్చున్న గదికి గోడలు ఎంత మందమంటే, కిటికీ అరుగు మీద ఇద్దరం పుస్తకాలు పరుచుకుని హోంవర్కు చేసుకునేవాళ్లం. ఏప్రిల్ ఎండలో ఆ గోడకు చెంప ఆనిస్తే చల్లగా తగిలేది, చొక్కాకు మాత్రం సున్నం అంటుకునేది.

ఆ గదిలోనే మా తెలుగు మాస్టారు ఒకనాడు పద్యం ఆపి, 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానంద మన బడిలోనే, పాశ్చాత్య దేశాలకు తాను ఎందుకు వెళ్లదలచారో వివరిస్తూ ఇంగ్లీషులో ఉపన్యసించారని, వినడానికి వెయ్యిమందికి పైగా వచ్చారని చెప్పారు. అప్పటికి ఆయన షికాగో వెళ్లలేదు, లోకానికి ఇంకా తెలియదు. ఆ రోజు నుంచి సెప్టెంబరు 11న సర్వమత మహాసభలో ప్రసంగించేవరకు ఎన్ని రోజులో లెక్కకట్టమని మాస్టారు మాకు సుద్దముక్క ఇచ్చారు. ఏ నెలకు ఎన్ని రోజులో పిడికిలి ఎముకల మీద లెక్కపెట్టుకుంటూ తడబడి, చివరకు నల్లబల్ల మీద 210 అని వేశాం. లోకం వినడానికి 210 రోజుల ముందే మా ఊరు ఆయన మాట విన్నదన్న సంతోషం నాకు ఇప్పటికీ తాజాగానే ఉంది.

ఈ ఏడాది మా బడి పూర్వ విద్యార్థుల సమావేశానికి మనవరాలిని వెంటబెట్టుకు వస్తున్నాను. ఆ కిటికీ అరుగు మీద కూర్చోబెట్టి, ముందుగా ముదలియార్ గారి పేరు చెప్పాలి.