బాత్రూమ్ నుంచి బ్యాట్‌మ్యాన్ గుహ దాకా

శాన్ లూయిస్ ఒబిస్పోకి నేను వెళ్లింది ఒక బాత్రూమ్ చూడటానికి. శాన్ హోసేలో అక్కావాళ్లింట్లో దిగిన రెండో రోజే ఈ మాట చెప్తే, అక్క కూర కలుపుతున్నదల్లా గరిటె ఆపేసి "ఏంట్రా, మళ్లీ చెప్పు" అంది. గోల్డెన్ గేట్ వంతెన తర్వాతైనా చూడొచ్చు, ముందు కాల్ పాలీ యూనివర్సిటీలో ఆ బాత్రూమ్ చూడాలి, అక్కణ్నుంచి లాస్ ఏంజిలస్ వెళ్లి ఒక గుహ చూడాలి అన్నాను. బావకి సెలవు దొరకలేదు. పన్నెండేళ్ల మేనల్లుడు చిన్ను మాత్రం గుహ అనే మాట వినగానే బ్యాగు సర్దేసుకున్నాడు.

ముందు బాత్రూమ్ కథ చెప్పాలి. వియర్డ్ ఆల్ యాంకోవిక్ అని, అమెరికాలో కామెడీ పాటలంటే మొదట గుర్తొచ్చే పేరు. జనం నోళ్లలో నానుతున్న పాట తీసుకుని, ట్యూన్ అలాగే ఉంచి, తిండి గురించో సిటీ బస్సు గురించో కొత్త మాటలు కూర్చి పాడతాడు. ఏడో పుట్టినరోజుకు ముందురోజు అకార్డియన్ (ఛాతీకి తగిలించుకుని వాయించే హార్మోనియం లాంటిది) మొదటి పాఠం నేర్చుకున్నాడు, ఇప్పటికీ అదే తగిలించుకుని స్టేజీ ఎక్కుతాడు. కాల్ పాలీలో ఆర్కిటెక్చర్ చదువుతూ క్యాంపస్ రేడియోలో డీజేగా ఉండేవాడు. 1979లో అప్పటి హిట్ పాట ఒకదానికి పేరడీ కట్టి, రేడియో స్టేషన్‌కి ఎదురుగా ఉన్న బాత్రూమ్‌లో రికార్డు చేశాడు, ఎందుకంటే అక్కడ గొంతు బాగా మోగుతుంది. అకార్డియన్, గొంతు, అంతే. ఆ పాట, కామెడీ పాటలు వేసే డాక్టర్ డిమెంటో రేడియో షోలో మోగింది, ఆ ఏడాదే క్యాపిటల్ రికార్డ్స్ దాన్ని సింగిల్‌గా విడుదల చేసింది. అలా మొదలైన మనిషి 2014లో తెచ్చిన ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో మొదటి వారమే నంబర్ వన్‌గా దిగింది. కామెడీ ఆల్బమ్ వస్తూనే మొదటి స్థానంలో దిగడం చరిత్రలో అదే మొదటిసారి. ఈ విషయం ఎవరితో చెప్పినా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

101 హైవే మీద పొద్దున్నే బయల్దేరాం. గిల్‌రాయ్ దగ్గరికి రాగానే అద్దాలు దించమంది అక్క, ఊరు ఊరంతా వెల్లుల్లి వాసన, మన ఇంట్లో పులిహోర తాలింపు పడ్డట్టే ఉంది. అక్కడే చిన్నుకి ఒక పాట వినిపించాను. 1922లో చార్లెస్ పెన్‌రోజ్ అనే ఇంగ్లీషాయన రికార్డు చేసిన నవ్వుల పాట, ఒక పోలీసు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోతాడు. అది అయిపోగానే వెంటనే మాయాబజార్‌లో "వివాహభోజనంబు" పెట్టాను. పల్లవి రెండో లైను కూడా కాకముందే చిన్ను ముందుకి వంగి "మామయ్యా, ఇది అదే కదా!" అన్నాడు. ట్యూన్ అదే, నవ్వు కూడా అదే. ఎక్కడి లండన్ గ్రామఫోను నవ్వు, ఎక్కడి ఘటోత్కచుడు! రెండూ వెనకావెనకా విననివాళ్లు ఒక్కసారి వినండి.

అసలు ఆలోచిస్తే ఆ పాట ఏంటి? కొండంత బలం, మాయలు తెలిసిన వీరుడు, గదతో దిగి, లడ్డూలు అరిసెలు ముందు పెట్టుకుని పాడే కామెడీ పాట. సూపర్‌హీరో సినిమా, కామెడీ సంగీతం రెండూ ఒకే చోట, 1957లోనే మనకి ఉన్నాయి. ఎస్వీ రంగారావు గారు అందులో ఒక్క క్షణం కూడా "ఇదంతా తమాషాలెండి" అన్నట్టు కన్ను గీటరు. ఆకలి నిజం, ఆనందం నిజం. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లాడు వెనక సీట్లో కూర్చుని నవ్వుతున్నాడు. ఆ పాట నాలుగుసార్లు పెట్టించాడు, కింగ్ సిటీ దాటేదాకా కారులో అదే.

శాన్ లూయిస్ ఒబిస్పో చుట్టూ ఎండు గడ్డి కొండలు, ఊరు చిన్నది, చల్లగా ఉంది. వేసవి కాబట్టి యూనివర్సిటీ దాదాపు ఖాళీ. గ్రాఫిక్ ఆర్ట్స్ భవనం వెతుక్కుని వెళ్లాం. అక్క వరండాలో ఉండిపోయింది, నేనూ చిన్నూ లోపలికెళ్లాం. మామూలు బాత్రూమే. వాష్ బేసిన్లు, చేతులు ఆరబెట్టుకునే మెషీను. ఎవరూ లేరని చూసుకుని ఒక్క చప్పట కొట్టాను. శబ్దం గోడకి తగిలి మళ్లీ చెవిలోకి వచ్చింది, గుళ్లో గంట కొట్టాక చివర మిగిలే మోత లాగా, చిన్నగా. అంతే, నాకు కళ్లు చెమర్చాయి. స్టూడియో డబ్బుల్లేని ఇరవయ్యేళ్ల కుర్రాడు, చదువుకునే చోట ఏ గదిలో గొంతు బాగా మోగుతుందో కనిపెట్టి, అక్కడికి అకార్డియన్ మోసుకెళ్లాడు. నవ్వుల పాటే కదా, ఎక్కడ పాడితే ఏంటి అనుకోలేదు. ఆ మోత కావాలనుకున్నాడు.

ఈ మనిషి గురించి ఇంకొకటి చెప్పకపోతే నాకు తోచదు. అమెరికా చట్టంలో పేరడీకి చాలా వెసులుబాటు ఉంది, అయినా ఆల్ అసలు పాట తాలూకు కళాకారుణ్ని అడిగి, ఆయన సరేనంటేనే రికార్డు చేస్తాడు. పాప్ గాయకుడు ప్రిన్స్ ఎప్పుడు అడిగినా కాదన్నాడు, ఆల్ ఊరుకున్నాడు. పాల్ మెకార్ట్‌నీ పాట ఒకదాన్ని చికెన్ వంటకం మీద కడతానంటే, తాను శాకాహారినని మెకార్ట్‌నీ వద్దన్నాడు, అదీ మానేశాడు. నిర్వాణా బ్యాండ్ పాటకి పేరడీ అడిగినప్పుడు దాని గాయకుడు కర్ట్ కొబేన్ "తిండి గురించా?" అని అడిగితే, కాదు, మీ పాటలో మాటలు ఎవరికీ అర్థం కావన్న సంగతి గురించి అన్నాడట, కొబేన్ ఒప్పుకున్నాడు! తర్వాత వీడియోలో అసలు వీడియోలో కనిపించిన ఆ ఊడ్చి తుడిచే ముసలాయన్ని, అదే నటుణ్ని, తెచ్చి పెట్టారు. మనకీ జరుక్ శాస్త్రి గారున్నారు, శ్రీశ్రీ కవితకి ఆయన రాసిన పేరడీ చదివితే తెలుస్తుంది, అసలు కవిత లయ నరనరానా ఎక్కనివాడు అలా రాయలేడు. పేరడీ అంటే వెక్కిరింత అనుకునేవాళ్లతో నేను ఎప్పుడూ వాదనకి దిగుతాను. మూలాన్ని ప్రాణంగా ప్రేమిస్తేనే అది కుదురుతుంది.

ఆ రాత్రి మోటల్లో 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమా పెట్టుకున్నాం. చిన్ను పాత సినిమా అని మొదట మూతి ముడిచాడు. ఒక్క సీను దగ్గర ఆపి మళ్లీ చూపించాను. లోయిస్ ఇంట్లో, ఆమె లోపలి గదిలో ఉండగా మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్, అంటే క్రిస్టఫర్ రీవ్, కళ్లజోడు తీస్తాడు. వంగిన వీపు నిటారుగా లేస్తుంది, భుజాలు విచ్చుకుంటాయి, గడ్డం పైకి లేస్తుంది, గొంతు దిగి బరువెక్కుతుంది. నిజం చెప్పేద్దామనుకుంటాడు. అంతలో ధైర్యం చాలక మళ్లీ కళ్లజోడు పెట్టుకుంటే, మనిషి మన కళ్లముందే రెండంగుళాలు కుంచించుకుపోతాడు. ఒక్క గ్రాఫిక్ లేదు. చిన్ను అద్దం ముందు నిలబడి రెండుసార్లు అలా చేసి చూసుకున్నాడు. నా దృష్టిలో సూపర్‌హీరో సినిమాల్లో దాన్ని మించిన స్పెషల్ ఎఫెక్ట్ ఇప్పటిదాకా రాలేదు.

రెండో రోజు దక్షిణానికి దిగి సముద్రం పక్క రోడ్డు పట్టుకుని మాలిబూలో పాయింట్ డూమ్‌కి వచ్చాం. ఐరన్ మ్యాన్ ఇల్లు ఉండేది ఈ కొండకొమ్ము మీదే, సినిమాలో. నిజానికి అక్కడ ఇల్లు లేదు, మొత్తం కంప్యూటర్లో కట్టింది, 2013లో వచ్చిన మూడో భాగంలో అక్కడే కూల్చేశారు కూడా. ఖాళీ కొండ, కింద పచ్చటి నీళ్లు, రాళ్ల మీద సముద్రపు పక్షులు. చిన్ను మాత్రం "ఇక్కడ హాలు, ఇక్కడ మెట్లు, కింద గరాజ్" అని నడుచుకుంటూ చూపించాడు. నేనూ వాడి వెనకే నడిచాను, ఒకచోట "మామయ్యా, అక్కడ గోడ ఉంది" అంటే పక్కకి తప్పుకున్నాను.

అక్కడ కూర్చుని తింటున్నప్పుడు అక్క అడిగింది, ఇప్పుడొచ్చే సూపర్‌హీరో సినిమాలంటే నీకు ఎందుకంత కోపంరా అని. కోపం కాదు, బాధ. 2008 నాటి మొదటి ఐరన్ మ్యాన్‌లో టోనీ స్టార్క్, అంటే ఆ హీరో, వేసే జోకులు ఆ మనిషివి, భయాన్ని కప్పుకోవడానికి వేసేవి, గుహలో తనతో పాటు బందీగా ఉన్న యిన్సెన్ చనిపోతుంటే ఒక్క జోకు లేదు. తర్వాత తర్వాత ఏమైందంటే, సినిమాలో ప్రతివాడూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎవరో చనిపోతారు, పది సెకన్లు కూడా ఆగరు, ఒక జోకు. హీరో తన పేరు చెప్పుకుంటాడు, పక్కవాడు ఆ పేరు మీద జోకు. తన కథని చూసి తనే సిగ్గుపడుతున్నట్టుంటుంది. మనం టికెట్ కొని వచ్చింది ఆ కథని నమ్మడానికే కదా! నాకు నవ్వంటే ప్రాణం, నవ్వొద్దనను, కానీ సిగ్గుతో పుట్టిన జోకు, ఇష్టంతో పుట్టిన జోకు ఒకటి కావు. ఘటోత్కచుడి పాట రెండో రకం. బాత్రూమ్‌లో పాడిన ఆ పాటా రెండో రకమే.

మూడో రోజు పొద్దున ఇంగిల్‌వుడ్‌లో ర్యాండీస్ డోనట్స్. కొట్టు కప్పు మీద 32 అడుగుల డోనట్ బొమ్మ, 2010 సినిమాలో ఐరన్ మ్యాన్ సూట్‌తో అందులోనే కూర్చుని డోనట్ తింటాడు. ఫోటో దిగాం, తిన్నాం, బాగుంది.

అక్కణ్నుంచి హాలీవుడ్ బులవార్డ్. 2018 ఆగస్టు 27న ఆల్‌కి అక్కడి ఫుట్‌పాత్ మీద, పేరున్న కళాకారులకి వేసే నక్షత్రం వేశారు, చైనీస్ థియేటర్‌కి దగ్గర్లోనే. జనం తొక్కుకుంటూ పోతున్నారు. నేను వంగి కర్చీఫ్‌తో తుడిచాను. పక్కన స్పైడర్‌మ్యాన్ వేషంలో ఒకాయన ఫోటోలకి నిలబడి ఉన్నాడు, డాలర్లు ఇస్తే కలిసి దిగుతాడు. దగ్గరికెళ్తే తెలిసింది, మోకాలి దగ్గర బట్ట చిరిగితే ఎర్రదారంతో కుట్టి, కుట్టు మీద మళ్లీ నల్ల మార్కర్‌తో సాలెగూడు గీతలు గీసుకున్నాడు. గీతలు పక్క గీతలతో ఎక్కడా తప్పకుండా కలిశాయి. చిన్నుని చూడగానే మోకాలు వంచి, వేళ్లు రెండు ముడిచి, ఆ చిన్న ఫుట్‌పాత్ మీదే అసలు స్పైడర్‌మ్యాన్ కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఐదు డాలర్లు ఇద్దామనుకుని పది ఇచ్చాను.

2002లో విజయవాడలో స్పైడర్‌మ్యాన్ తెలుగు డబ్బింగ్ చూసినప్పుడు నేను టెన్త్. స్పైడర్‌మ్యాన్ అయ్యే కుర్రాడు పీటర్ పార్కర్‌కి డబ్బు టెన్షన్, చదువు టెన్షన్, బాబాయి పోయిన దుఃఖం, ఇంట్లో పిన్ని. అదంతా మా వీధిలో కుర్రాడి కథలాగే ఉంది. మరుసటి ఏడాది బిల్లీ జోయెల్ "పియానో మ్యాన్" ట్యూన్‌లో ఆల్ ఆ సినిమా కథంతా ఒక్క పాటలో కుదించి పాడాడు, అది నాకు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. సాలీడు కాటు నుంచి చివరి పోరాటం దాకా వరసగా, ఒక్క మలుపు వదలకుండా. సినిమాని అంత శ్రద్ధగా చూసినవాడు రాసిన పాట అది. నక్షత్రం పక్కనే నిలబడి చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేనూ చిన్నూ విన్నాం.

సాయంత్రం గుహ. గ్రిఫిత్ పార్కులో బ్రాన్సన్ గుహలు, కారు ఆపి పది నిమిషాలు నడిస్తే వచ్చేస్తాయి. ఒకప్పటి రాళ్ల క్వారీ, కొండని తొలిచిన చిన్న సొరంగం. 1966లో మొదలైన బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్‌లో కారు దూసుకొచ్చేది ఇక్కడినుంచే. దగ్గరికెళ్తే ఎంత ఇరుకో తెలుస్తుంది, అందుకే కారుని నెమ్మదిగా నడిపి, ఫిల్మ్‌ని వేగం పెంచి చూపించారు. 120 ఎపిసోడ్లు, అంతా కామెడీయే, కానీ బ్యాట్‌మ్యాన్‌గా వేసిన ఆడమ్ వెస్ట్ ఒక్కచోట కూడా నవ్వడు. అదే ఏడాది వచ్చిన సినిమాలో, చేతిలో ఫ్యూజు అంటుకున్న బాంబు, ఎటు విసురుదామన్నా మనుషులో బాతులో అడ్డం, ఆ ముఖంలో మాత్రం నిజమైన ఆందోళన. ఆ తరం పిల్లలు దాన్ని సీరియస్‌గా చూశారు, పెద్దలు నవ్వుకుంటూ చూశారు, ఆయన ఇద్దర్నీ మోసం చెయ్యలేదు. 2017లో ఆయన పోయినప్పుడు లాస్ ఏంజిలస్ సిటీ హాల్ గోడ మీద గబ్బిలం గుర్తు దీపం వేశారు. ఒక హాస్యనటుడికి ఊరు ఊరంతా ఇచ్చిన వీడ్కోలు అది.

చిన్ను సొరంగం ఆ చివరికెళ్లి చేతులు చాచి మూడుసార్లు పరుగెత్తుకొచ్చాడు. మూడోసారి మధ్యలో ఆగి, పైకి చూసి, బాత్రూమ్‌లో నేను కొట్టినట్టే ఒక్క చప్పట కొట్టాడు. గుహ దాన్ని తిప్పి ఇచ్చింది, ఇంకా పెద్దగా. వాడు నావైపు చూసి, ఛాతీ పొంగించి, ఘటోత్కచుడి నవ్వు మొదలుపెట్టాడు. గొంతు సన్నం, సగంలో దగ్గొచ్చింది. అప్పటిదాకా బయట రాయి మీద కూర్చున్న అక్క లేచి, చున్నీ సర్దుకుని లోపలికి వచ్చింది. "అలా కాదురా, పొట్టలోంచి రావాలి" అని వాణ్ని పక్కకి జరిపి, గుహ మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది.