అమెరికాలో ఇంట్లో బీరు: మొదటి అయిదు గ్యాలన్లు

ఇంట్లో బీరు చేద్దామనుకునేవాళ్ళు అన్నిటికంటే ముందు కొనేది పెద్ద స్టీలు కుండ. అన్నిటికంటే చివర కొనేది, చాలామంది అసలు కొననే కొననిది, పులిసే బకెట్‌ని చల్లగా ఉంచే ఏర్పాటు. ఈ వరస తిరగేస్తే చాలు, మొదటి బ్యాచ్‌లు సగం బాగుపడతాయి. పొయ్యి మీద గంటసేపు జరిగేది వంటే, మనవాళ్ళకి కొత్తేం కాదు. బీరు పాడవడమంటూ ఉంటే ఎక్కువగా ఆ తర్వాత మూడు రోజుల్లో పాడవుతుంది. అప్పుడు బకెట్ ఓ మూల ఉంటుంది, దాని వైపు ఎవరూ చూడరు.

ముందు చట్టం సంగతి. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం నుంచి అడ్డు తొలగింది, పన్ను కూడా లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది ఉంటే 200. అమ్మడానికి మాత్రం వీల్లేదు. రాష్ట్రాల్లో ఆఖరున ఒప్పుకున్నవి మిసిసిపీ, అలబామా, అదీ 2013లో. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఈ పోస్టు ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆ ముక్క కూడా కలిపి చెప్పండి.

మొదటిసారికి అమెరికన్ పేల్ ఏల్ అనే రకం బీరు చేయండి. కింగ్‌ఫిషర్ లాంటి లాగర్ చేయాలని చాలామందికి ఉంటుంది కానీ, దానికి పది, పన్నెండు డిగ్రీల సెల్సియస్‌లో వారాలకు వారాలు పులియబెట్టాలి, అంటే విడిగా ఒక ఫ్రిజ్ కావాలి. పైగా లాగర్ రుచి చాలా సన్నం, చిన్న లోపం కూడా దాగదు. పేల్ ఏల్‌లో హాప్స్ అనే తీగ పువ్వుల చేదు, వాసన కొంత కాపు కాస్తాయి. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గింజల నుంచి చక్కెర మీరే తీసే ఆల్ గ్రెయిన్ పద్ధతి కూడా ఇప్పుడే వద్దు. ఆ పని ముందే చేసి, నీరు తీసేసి పొడిగా అమ్మే డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో మొదలుపెట్టండి.

అయిదు గ్యాలన్లకు, అంటే 19 లీటర్లకు, కావలసినవి ఇవి: లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఆరు పౌండ్లు (2.7 కిలోలు), రంగు, తీపి ఇచ్చే క్రిస్టల్ 40 రకం మాల్టు అర పౌండు, కొట్టులోనే మరపట్టించుకున్నది. సెంటెనియల్ హాప్స్ ఒక ఔన్సు, కాస్కేడ్ రెండు ఔన్సులు. సేఫేల్ యూఎస్-05 ఈస్ట్ ఒక ప్యాకెట్, 11.5 గ్రాములది. సామాన్లలో 20 లీటర్ల కుండ, ఆరున్నర గ్యాలన్ల మూత బకెట్, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసుని వదిలి, బయటి గాలిని రానీయని బిరడా), హైడ్రోమీటర్ (బీరు నీళ్ళ కంటే ఎంత చిక్కనో చూపించేది), థర్మామీటర్, ఆటో సైఫన్ (బీరుని ఒక పాత్రలోంచి ఇంకోదానిలోకి దింపే గొట్టం), అడుగున కుళాయి ఉన్న ఇంకో బకెట్, సీసాలు నింపే గొట్టం, మూతలు నొక్కే క్యాపర్, సామాన్లు శానిటైజ్ చేసే స్టార్ శాన్ మందు. కుండ ఇండియా నుంచి తెచ్చుకున్న స్టీలు గిన్నె అయినా సరిపోతుంది.

ఇండియన్ స్టోర్‌లో దొరికే బార్లీ గింజలు దీనికి పనికిరావు. అవి పైపొట్టు తీసి పాలిష్ పట్టినవి, మొలకెత్తించినవి కావు. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు గింజ మొలకెత్తితేనే సరిపడా తయారవుతాయి. మామూలు బార్లీని ఎంతసేపు ఉడికించినా జావే వస్తుంది, ఈస్ట్‌కి అందులో తినడానికి ఏమీ ఉండదు. బెల్లం వేయాలనుంటే పావు కిలో దాకా మరిగేటప్పుడు వేయొచ్చు. సీసాల్లో గ్యాసు కోసం మాత్రం వాడకండి, దాంట్లో తేమ ఒక్కో దిమ్మకి ఒక్కోలా ఉంటుంది, లెక్క తప్పుతుంది.

నీళ్ళు. డాలస్‌తో సహా చాలా ఊళ్ళల్లో కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరమైన్ కలుపుతారు. క్లోరిన్‌లా ఇది రాత్రంతా తెరిచి పెడితే పోదు, కాసేపు మరిగిస్తే పూర్తిగా పోదు. ఈస్ట్, మాల్టుల నుంచి వచ్చే ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది. బీరు డెట్టాల్ వాసన కొడుతుంది. నిజానికి డెట్టాల్‌లో పనిచేసే మందు కూడా ఆ జాతి రసాయనమే. విరుగుడు తేలిక: క్యాంప్డెన్ అనే సల్ఫైట్ మాత్రలో పావు వంతు నలిపి అయిదు గ్యాలన్ల నీళ్ళలో కలిపితే కొన్ని నిమిషాల్లో పోతుంది. లేదా స్టోర్‌లో దొరికే ఆర్‌ఓ నీళ్ళు వాడండి. ఎక్స్‌ట్రాక్ట్‌లో దాన్ని తయారుచేసినచోటి నీళ్ళ ఖనిజాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి లోటేమీ రాదు.

శుభ్రం చేయడం, శానిటైజ్ చేయడం రెండు వేరువేరు పనులు. జిడ్డు, మరకలు పోయేలా ముందు కడగాలి. ఆ తర్వాత స్టార్ శాన్ కలిపిన నీళ్ళతో రెండు నిమిషాలు తడిపి ఉంచాలి. 19 లీటర్లకు 30 మిల్లీలీటర్లు లెక్క, నాలుగు లీటర్లకు 6 చాలు. తర్వాత మళ్ళీ కడగక్కర్లేదు, మిగిలిన నురగ బీరుని ఏమీ చేయదు. నురగ చూసి కంగారుపడి కుళాయి కింద పెట్టేవాళ్ళు చేసిన పనంతా వృథా చేసుకుంటారు. మరిగించడం అయ్యాక బీరుని తాకే ప్రతిదీ, గరిటె, థర్మామీటర్, ఈస్ట్ ప్యాకెట్, దాన్ని కత్తిరించే కత్తెర కూడా, ఇందులో మునగాలి. మన వంటిళ్ళకి ఇంకో జాగ్రత్త ఉంది. ఇడ్లీపిండి, పెరుగు ఉన్నచోట లాక్టిక్ బ్యాక్టీరియా దండిగా ఉంటుంది. పిండి కలిపిన చెక్క గరిటె, గీతలు పడ్డ ప్లాస్టిక్ డబ్బా బీరు దగ్గరికి రానీయకండి, ఆ గీతల్లోకి ఏ మందూ సరిగ్గా దిగదు.

ఇక పొయ్యి పని. ఒక్కో గ్యాలన్ నీళ్ళున్న జగ్గులు రెండు ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టండి, ఎందుకో తర్వాత చెప్తాను. కుండలో 12 లీటర్ల నీళ్ళు 68 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేసి, క్రిస్టల్ మాల్టుని పల్చటి గుడ్డ సంచిలో కట్టి అరగంట నానబెట్టండి. 75 దాటనీయకండి, దాటితే పొట్టులోని వగరు దిగుతుంది. సంచి తీసేసి, పొయ్యి ఆర్పి, ఎక్స్‌ట్రాక్ట్‌లో సగం వేయండి. ఆర్పకుండా వేస్తే పొడి అడుగుకి దిగి మాడుతుంది. ఈ పొడికి ఆవిరి తగిలిందంటే క్షణంలో పాకం కట్టి ప్యాకెట్ మూతికి, గరిటెకి, వేళ్ళకి అంటుకుని వదలదు. ప్యాకెట్ మూతి వెడల్పుగా కత్తిరించి ఒక్కసారిగా కుమ్మరించి కలపండి. పైన తేలే ఉండలు మరుగులో వాటంతటవే కరుగుతాయి.

మరుగు పట్టే నిమిషాల్లో కుండ వదిలి వెళ్ళకండి. ప్రొటీన్ నురగ మెల్లగా లేచి, లేచి, ఉన్నట్టుండి పొంగి పొయ్యంతా పాకం చేస్తుంది. పది నిమిషాల్లో ఆ నురగ విరిగి పలుకులై కిందికి దిగుతుంది. అప్పుడు సెంటెనియల్ ఒక ఔన్సు వేసి గంట లెక్కపెట్టండి. ఇది చేదు కోసం. ఆఖరి పదిహేను నిమిషాలకు కాస్కేడ్ ఒక ఔన్సు. పది నిమిషాలుందనగా మళ్ళీ పొయ్యి ఆర్పి మిగతా ఎక్స్‌ట్రాక్ట్ కలిపి తిరిగి మరిగించండి. మొత్తం మొదట్లోనే వేస్తే చిక్కటి పాకంలోకి హాప్స్ చేదు సరిగ్గా దిగదు, రంగూ ముదురుతుంది. దించేటప్పుడు రెండో ఔన్సు కాస్కేడ్. మూత పెట్టి మాత్రం మరిగించకండి.

ఇప్పుడు దీన్ని త్వరగా చల్లార్చాలి. సింకులో మంచుగడ్డలు, నీళ్ళు వేసి కుండ అందులో పెట్టి, శానిటైజ్ చేసిన గరిటెతో కలుపుతూ 30 డిగ్రీలకు తెస్తే చాలు. బకెట్‌లో పోసి, ఫ్రిజ్‌లోని నీళ్ళు కలుపుతూ అయిదు గ్యాలన్ల గీతకు తెండి. 30 డిగ్రీల 12 లీటర్లలో 4 డిగ్రీల ఏడు లీటర్లు కలిస్తే వచ్చేది దాదాపు 20 డిగ్రీలు, ఈస్ట్‌కి కావలసిందీ అదే. గట్టిగా గిలక్కొట్టి కలిపి హైడ్రోమీటర్ చూడండి. 1.053 నుంచి 1.055 మధ్య ఉండాలి. 1.040 అనో 1.070 అనో చూపిస్తే ఎక్స్‌ట్రాక్ట్‌ని అనుమానించకండి, నీళ్ళు సరిగ్గా కలవలేదని అర్థం. తూకం ప్రకారం వేశారు కాబట్టి లెక్కనే నమ్మండి. ఈస్ట్ పైన చల్లి మూత బిగించి ఎయిర్‌లాక్ పెట్టండి.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఈస్ట్ చక్కెర తినేటప్పుడు వేడి పుట్టిస్తుంది. జోరుగా పులిసే రెండు మూడు రోజులూ బకెట్ లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఏసీ 78 ఫారెన్‌హీట్‌లో పెట్టుకునే ఇంట్లో గది 25న్నర సెల్సియస్, బకెట్ లోపల 29. ఆ వేడిలో యూఎస్-05 నెయిల్ పాలిష్ లాంటి ఘాటు వాసనలు, ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన ఆల్కహాళ్ళు పుట్టిస్తుంది. బీరు వేడిగా గొంతు దిగుతుంది, ఎన్నాళ్ళు దాచినా ఆ ఘాటు పోదు. మొదటి మూడు రోజులు బకెట్ పక్కన అంటించిన స్ట్రిప్ థర్మామీటర్ 18, 19 చూపించాలి.

దీనికి చవకైన ఉపాయం: పెద్ద ప్లాస్టిక్ టబ్బులో బకెట్ పెట్టి, సగం ఎత్తుకి నీళ్ళు పోసి, గడ్డకట్టిన అరలీటరు నీళ్ళ బాటిళ్ళు పొద్దున రెండు, సాయంత్రం రెండు వేయడం. బకెట్‌కి తడి టీషర్టు తొడిగి ఫ్యాన్ పెట్టమని కూడా చెప్తారు. పొడి గాలి ఉన్నచోట అది బాగా పనిచేస్తుంది, హ్యూస్టన్ ఉక్కలో అంతంతమాత్రం. ఈ పని మీద ఇష్టం కుదిరితే పాత ఫ్రిజ్ ఒకటి, దానికో టెంపరేచర్ కంట్రోలర్ కొనండి, కొత్త కుండ కంటే అది వెయ్యి రెట్లు మేలు. ఇవేవీ కుదరవంటే వాస్ క్వైక్ అనే నార్వే ఈస్ట్ వాడండి. 35 డిగ్రీల్లో కూడా చెడు వాసనలు లేకుండా పులుస్తుంది, కొద్దిగా నారింజ వాసన వస్తుంది. న్యూజెర్సీ చలికాలంలో బేస్‌మెంట్‌లో పెట్టేవాళ్ళది ఎదురు సమస్య. 15 కంటే తగ్గితే ఈస్ట్ నిద్రపోతుంది, ఓ దుప్పటి చుట్టండి.

నాలుగో రోజు నుంచి 20, 21కి పెరగనివ్వండి. వెన్న వాసన ఇచ్చే డయాసిటిల్‌నీ, పచ్చి యాపిల్ వాసన ఇచ్చే ఎసిటాల్డిహైడ్‌నీ ఈస్టే తిరిగి తినేస్తుంది, ఆ టైమ్ దానికివ్వాలి. పాత పుస్తకాలు వారం తర్వాత ఇంకో పాత్రలోకి మార్చమంటాయి. అవసరం లేదు, మార్చినప్పుడల్లా గాలి తగులుతుంది, బీరు తడిసిన అట్టముక్క రుచికి వస్తుంది. బుడగలు ఆగాయి కదా అని సీసాల్లో పోయకండి. మూత కాస్త వదులైనా బుడగలు రావు, ఎండ తగిలినా వస్తాయి. రెండు వారాలకు హైడ్రోమీటర్ పెట్టి, గ్యాసు బుడగలు అంటుకోకుండా దాన్ని ఓసారి గిర్రున తిప్పి చదవండి. రెండు రోజుల తేడాతో రెండుసార్లూ ఒకే అంకె, 1.010 నుంచి 1.014 మధ్య, వస్తే అయిపోయినట్టు. 1.053 నుంచి 1.012 తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 5.4 శాతం. 1.020 దగ్గర ఆగిపోతే బకెట్‌ని 21, 22 డిగ్రీలకు తెచ్చి మెల్లగా ఊపి ఇంకో వారం ఆగండి.

సీసాల్లో గ్యాసు కోసం పంచదార 110 గ్రాములు. కప్పుతో కొలవకండి, కాటా మీద తూచండి. రెండు కప్పుల నీళ్ళలో మరిగించి, చల్లార్చి, కుళాయి బకెట్ అడుగున పోసి, దాని మీదికి బీరుని సైఫన్‌తో చప్పుడు లేకుండా దింపండి. నోటితో పీల్చి సైఫన్ మొదలుపెట్టడం మానుకోండి. నింపే గొట్టం సీసా అడుగుకి ఆనించి నిండుగా పోసి తీస్తే పైన వదలాల్సిన ఖాళీ దానంతటదే వస్తుంది. ముదురు గోధుమరంగు సీసాలే వాడండి, ఆకుపచ్చవాటిలో వెలుగు తగిలి హాప్స్ చేదు స్కంక్ కంపు కొడుతుంది. మూత తిప్పి తీసే రకం సీసాలకు క్యాపర్ మూత సరిగ్గా పట్టదు. 12 ఔన్సుల సీసాలు 48 నుంచి 50 అవుతాయి. ఒకదాన్ని మాత్రం సోడా ప్లాస్టిక్ బాటిల్‌లో నింపండి, నొక్కి చూసి రాయిలా గట్టిపడితే మిగతావాటిలోనూ గ్యాసు పట్టినట్టే.

పులవడం పూర్తికాకుండానో, పంచదార ఎక్కువ వేసో నింపితే సీసాలు పేలతాయి. గాజు ముక్కలు గదంతా ఎగురుతాయి, సరదా విషయం కాదు. అందుకే అట్టపెట్టెల్లో పెట్టి మూసి, అల్మరాలో 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. ఒకటి తెరిస్తే చప్పగా ఉంటే గది చల్లగా ఉందని, ఇంకో వారం ఆగండి. తెరవగానే ఫౌంటెన్‌లా చిమ్మితే పంచదార ఎక్కువైందో, బ్యాక్టీరియా చేరిందో. పుల్లగా కూడా ఉంటే రెండోదే, సీసాలనీ గొట్టాలనీ మళ్ళీ చూడండి.

తాగే ముందు రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు. అడుగున ఈస్ట్ పొరగా పేరుకుంటుంది. గ్లాసు వంచి ఒకే ధారగా పోసి, ఆ ఆఖరి అంగుళం సీసాలోనే వదిలేయండి. కాస్కేడ్ వాసన రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది, పండగ కోసమని దాచకండి.