నాన్నకి డిమెన్షియా, మరి ఆయన రాసిన వీలునామా చెల్లుతుందా?

నేను లండన్‌లో ట్రస్టులు, వీలునామాలు, వారసత్వ పన్నుల కేసులు చూసే బారిస్టర్‌ని. తెలిసినవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. డాక్టర్ డిమెన్షియా అని రాశాక ఇక ఆ సంతకానికి విలువ లేనట్టే అనుకుంటారు. అలా ఏం కాదు. ఇంగ్లండ్, వేల్స్ చట్టం చూసేది, ఆ మనిషికి ఆ రోజున ఆ నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందా అని. పొద్దున ఏం తిన్నారో గుర్తులేని పెద్దాయన కూడా ఇల్లు ఎవరికి ఇవ్వాలో, ఎందుకివ్వాలో తేటగా చెప్పగలిగితే ఆ వీలునామా నిలబడొచ్చు.

దీనికి మూలం 1870 నాటి బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో తీర్పు. జాన్ బ్యాంక్స్ అనే ఆయనకి దయ్యాలు తన వెంటపడుతున్నాయనీ, ఎప్పుడో చనిపోయిన ఒకాయన తనని వేధిస్తున్నాడనీ గట్టి నమ్మకం. అయినా మేనకోడలికి ఆస్తి రాసిన ఆయన వీలునామాని కోర్టు ఒప్పుకుంది, ఎందుకంటే ఆ భ్రమలకీ పంపకానికీ ఏ సంబంధమూ లేదు. ఆ తీర్పు పెట్టిన కొలత ఇదీ: తాను చేస్తున్నది వీలునామా అని తెలియాలి, ఆస్తి సుమారుగా ఏముందో తెలియాలి, తన మీద ఆశ పెట్టుకోదగినవాళ్ళు ఎవరో తెలియాలి, ఏ జబ్బూ ఆ పంపకాన్ని పక్కదారి పట్టించకూడదు. 2005లో నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం గురించి మెంటల్ కెపాసిటీ చట్టం వచ్చింది కానీ, మనిషి పోయాక వచ్చే తగాదాల్లో కొలత ఇప్పటికీ ఈ పాతదే, 2024లో లెనార్డ్ కేసులో హైకోర్టు మళ్ళీ అదే చెప్పింది.

అసలు చిక్కేంటంటే, జవాబు చెప్పాల్సిన మనిషే ఉండరు. మా చేతికొచ్చేది వీలునామా రాసిపెట్టిన సాలిసిటర్ (లాయరు) ఫైలు. అందులో నేను ముందు వెతికేది ఆ రోజు మాట్లాడినప్పుడు రాసుకున్న నోట్. "మీకు ఇల్లుంది కదా?" "అవును." "అది చిన్నబ్బాయికి ఇవ్వాలనుకుంటున్నారు కదా?" "అవును." ఇలాంటి నోట్ ఎన్ని పేజీలున్నా పనికిరాదు, అందులోనూ ఆ చిన్నబ్బాయి పక్కనే కూర్చుని ఉంటే మరీను. అదే "మీకేమేం ఉన్నాయండీ?" అని అడిగి ఊరుకుంటే, వీలునామా రాయిస్తున్నావిడ "ఈ ఇల్లు, బ్యాంకులో కొంత, షేర్లు కూడా ఉన్నాయి, ఎన్నో గుర్తులేదు, కాగితాలు బీరువాలో ఉన్నాయి" అన్నట్టు రాసి ఉందనుకోండి, ఆ ఒక్క లైను మీద కేసు నడపొచ్చు. షేర్లు ఎన్నో గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ఉన్నాయని తెలుసు కదా. వయసు మళ్ళినవాళ్ళో బాగా జబ్బుపడినవాళ్ళో వీలునామా రాస్తుంటే డాక్టర్ చేత చూపించి ఆయన అభిప్రాయం రాయించమని జడ్జీలు దశాబ్దాలుగా చెప్తున్నారు. "అమ్మకి మతి లేదంటారా" అని పిల్లలు నొచ్చుకుంటారు, నాకు అర్థమవుతుంది, కానీ దయచేసి చేయించండి. రేపు అమ్మ మాటకి అదే సాక్ష్యం.

బతికుండగానే సామర్థ్యం పోతే సంగతి వేరు, అది కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ అని, అలాంటివాళ్ళ వ్యవహారాలు చూసే కోర్టు చూసుకుంటుంది. లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (సామర్థ్యం పోయాక కూడా తన తరఫున నిర్ణయాలు తీసుకోమని ముందే రాసిచ్చే అధికార పత్రం) ఉంది కదా, అన్నీ మేమే చేసేయొచ్చు అని చాలామంది అనుకుంటారు. దానితో నాన్న తరఫున వీలునామా రాయడం కుదరదు. బహుమతులైనా పుట్టినరోజు, పెళ్ళి లాంటి సందర్భాలకీ, ఆయన ఎప్పుడూ ఇచ్చే విరాళాలకీ, అదీ ఆయన స్తోమతకి తగ్గట్టే.

పన్ను గొడవ ఇక్కడే మొదలవుతుంది. మామూలుగా 3,25,000 పౌండ్లు దాటిన ఆస్తి మీద 40 శాతం వారసత్వ పన్ను (ఇల్లు పిల్లలకి వెళ్తే ఇంకో 1,75,000 దాకా వెసులుబాటు ఉండొచ్చు). పిల్లలకి నేరుగా ఇచ్చేసి ఏడేళ్ళు బతికితే సాధారణంగా దాని మీద పన్ను పడదు. దాంతో, ఎలాగూ మాకే కదా, ఇప్పుడే మా పేర మార్చేస్తే పోలా అంటారు. కోర్టు అనుమతి లేకుండా అంత పెద్ద బహుమతి ఇవ్వకూడదు. ఆయన సంరక్షణకి సరిపడా మిగులుతుందా, మనసు బాగున్నప్పుడు ఆయన ఏమనేవారు అని కోర్టు చూస్తుంది. పన్ను ఆదా కూడా లెక్కలోకి వస్తుంది, కానీ ఆయన తర్వాతే. ఈ వరస నాకు చాలా ఇష్టం.

నాకు నిద్ర పట్టనివ్వని రూల్ ఒకటుంది. ఇక్కడ పెళ్ళి చేసుకుంటే, ఆ పెళ్ళిని దృష్టిలో పెట్టుకుని రాసింది అయితే తప్ప, పాత వీలునామా రద్దయిపోతుంది. పెళ్ళికి కావాల్సిన సామర్థ్యమేమో వీలునామాకి కావాల్సిన దానికన్నా తక్కువ. ఒంటరిగా ఉన్న డిమెన్షియా పేషెంట్‌ని ఎవరైనా గుట్టుగా పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా పోయినట్టే, కొత్తది రాసే శక్తి ఆయనకి లేదు. వీలునామా లేకుండా అలాగే చనిపోతే, చట్టం ప్రకారం ఆ వచ్చినావిడకి ఆయన వస్తువులు, మొదటి 3,22,000 పౌండ్లు, మిగిలినదాంట్లో సగం. మామూలు కుటుంబంలో పిల్లలకి దాదాపు ఏమీ మిగలదు. ఆ పెళ్ళిని తర్వాత రద్దు చేయించినా పోయిన వీలునామా తిరిగి రాదు. ఈ రూల్ తీసేయమని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2025 మేలో సిఫార్సు చేసింది, పార్లమెంటు ఆ పని తొందరగా చేయాలి. అనుమానం వస్తే మాత్రం ఆగకండి. ఆయన తరఫున వీలునామా రాయించే అధికారం కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కి ఉంది, కానీ ఆయన బతికున్నంత వరకే.