యేవ్లెలో గడ్డి మేక

స్వీడన్‌లోని ఉప్సాలా స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా అక్క ఫోను తీసి, "మేక ఇంకా ఉందో లేదో చూసుకుందాం, లేకపోతే అంత దూరం వెళ్లి ఏం చేస్తాం" అంది. తెర మీద యేవ్లె ఊరి మంచు కూడలి, దాని మధ్యలో ఎత్తైన గడ్డి మేక. ఆ మేక ముందు కెమెరా పెట్టి ఇరవైనాలుగు గంటలూ ప్రపంచానికి చూపిస్తారు. ఏ రాత్రి ఎవరు నిప్పు పెడతారోనని లోకమంతా కనిపెట్టుకుని ఉంటుంది.

2023 డిసెంబరు, క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు సంగతి ఇది. అక్కావాళ్లు స్వీడన్‌లో స్థిరపడి చాలా ఏళ్లయినా నేను చలికాలంలో వెళ్లడం అదే మొదటిసారి.

రైలు ఉత్తరానికి సాగుతుంటే దారి పొడవునా ప్రతి ఇంటి కిటికీలోనూ ఒకటే దీపం. మధ్యలో ఎత్తుగా, రెండు వైపులా మెట్లు దిగుతున్నట్టు ఏడు కరెంటు కొవ్వొత్తులు. ఇదేదో చర్చి నుంచి వచ్చిన ప్రాచీన ఆచారమనుకున్నాను. కాదట. యోటెబోరి (గోథెన్‌బర్గ్) నగరంలో ఫిలిప్స్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ అండర్సన్ అనే ఆయన 1934లో, పనికిరావని పక్కన పడేసిన క్రిస్మస్ చెట్టు బల్బులతో తన తల్లిదండ్రుల కోసం చేసిన దీపమిది. 1939 నుంచి కంపెనీ అమ్మకానికి పెట్టింది. మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు అస్తమించే దేశంలో ఒక కొడుకు చేసిన పని ఇంటింటికీ పాకిపోవడం నన్ను కదిలించింది.

మేక విషయానికి వస్తే, స్వీడన్‌లో యూల్‌బొక్, అంటే క్రిస్మస్ మేకపోతు, శాంతా తాత కంటే పాతది. ఒకప్పుడు మేక వేషం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. తర్వాత ఆ మేకే బహుమతులు పంచే అతిథి అయింది. పక్కనున్న ఫిన్లాండ్‌లో శాంతా తాతను ఇప్పటికీ యౌలుపుక్కి అనే పిలుస్తారు, ఆ మాటకు అర్థం క్రిస్మస్ మేకపోతు. ఇళ్లలో జానెడు గడ్డి మేకలు పెట్టుకుంటారు. 1966లో స్టిగ్ గవ్లేన్ అనే ప్రకటనల రంగం మనిషికి దాన్నే బ్రహ్మాండంగా చేస్తే జనం ఊరి దుకాణాలకు వస్తారు కదా అనిపించింది. పదమూడు మీటర్ల ఎత్తు, మూడు టన్నుల బరువు. కట్టింది ఊరి అగ్నిమాపక దళమే. ఆ డిసెంబరు 31 అర్ధరాత్రి ఎవరో దాన్ని కాల్చేశారు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ కట్టడం, కాల్చాలని ఎవరో చూడడం. సగానికి పైగా మేకలు ఏదో ఒక రకంగా నాశనమయ్యాయి. 1976లో ఒకరు కారుతో గుద్దారు. 2001లో ఒక అమెరికా పర్యాటకుడు, ఇది ఇక్కడ అనుమతి ఉన్న వేడుకే అనుకుని నిప్పు పెట్టి జైలుకు వెళ్లాడు. 2005లో శాంతా వేషంలో ఒకరు, అల్లం రొట్టె బొమ్మ (జింజర్‌బ్రెడ్ మనిషి) వేషంలో ఇంకొకరు వచ్చి నిప్పు బాణం వేశారు. 2016లో ప్రారంభోత్సవం జరిగిన రోజే బూడిదైంది. ఇవన్నీ చెప్పుకుని నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. మనం భోగి మంటలో వేసేది మనం విడిచిపెట్టాలనుకున్నదాన్ని; ఇంకొకరు రోజుల తరబడి కష్టపడి కట్టినదాన్ని కాదు.

యేవ్లెలో దిగి పావుగంట నడిచాం. మేక నిలబడే ఉంది, కానీ చిక్కిపోయింది. మెడ కింద, పొట్ట దగ్గర గడ్డి ఊడిపోయి లోపలి కర్రలు బయటపడ్డాయి. దగ్గరికి వెళ్తే కారణం కనిపించింది. దాని నిండా పక్షులు. మన కాకి కంటే చిన్నవి, మెడ వెనుక బూడిద రంగు, తెల్లటి కళ్లు. స్వీడన్‌వాళ్లు వాటిని కాయా అంటారు. ఒకటి సరిగ్గా మా తల మీద వేలాడుతూ, గడ్డి పరకను ముక్కుతో లాగి, కాలి కింద తొక్కిపట్టి, కొసన మిగిలిన గింజను ఒలుచుకుని, ఖాళీ పరకను వదిలేసింది. అది వచ్చి మా అక్క కూతురి టోపీ మీద పడింది. వేసవిలో వానలు ఎక్కువై ఆ ఏడు గడ్డిలో గింజ మిగిలిపోయిందట.

"పిన్నీ, పాపం మేక అయిపోతోంది" అంది పాప. "ఆకలేసి తింటున్నాయిలే, తిననీ" అన్నాను. నిప్పుకు పోవడం కంటే అది ఎంతో నయం కదా. పైగా ఆ దేశంలో క్రిస్మస్‌కు ఓట్స్ పనను కంకులతో సహా కట్టి పిట్టల కోసం గుంజకు తగిలించే ఆచారం ఎప్పటి నుంచో ఉంది. యూల్‌షేర్వె అంటారు. సంతలో ఒకటి కనిపించగానే కొనేశాను. మా కోనసీమ ఇంట్లో నాన్న ప్రతి సంక్రాంతికీ వరి కంకులతో కుచ్చు అల్లి పిచ్చుకల కోసం వసారా దూలానికి కడతారు.

ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నం పక్కింటి పెద్దావిడ అందరినీ పిలిచింది. సరిగ్గా మూడు గంటలకు టీవీలో కాల్లె ఆంక, అంటే డొనాల్డ్ డక్. 1958లో అమెరికాలో వాల్ట్ డిస్నీ సంస్థ చేసిన క్రిస్మస్ కార్యక్రమం ఇది. అరవై ఏళ్లకు పైగా స్వీడన్ దీన్నే చూస్తోంది. కోటిమంది ఉన్న దేశంలో ముప్పై లక్షలకు పైగా జనం ఆ గంటలో టీవీ ముందు ఉంటారు. మొదలుపెట్టిన రోజుల్లో ఉన్నది ఒకే ఛానెల్, పిల్లలకు కార్టూన్లు అరుదు. ఆ రుచి తర్వాతి తరాలకూ అంటుకుంది. 1982లో పువ్వుల వాసన చూస్తూ కూర్చునే ఫెర్డినాండ్ అనే ఎద్దు కార్టూన్‌ను తీసేసి ఇంకొకటి వేస్తే దేశమంతా గగ్గోలు పెట్టింది. మళ్లీ తెచ్చి పెట్టారు. ఎద్దు చెట్టు కింద కూర్చోగానే ఆ పెద్దావిడ, ఆవిడ కొడుకు, మనవరాలు ముగ్గురూ వ్యాఖ్యాతతో పాటు ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పారు. ఆవిడ కళ్లు చెమర్చాయి. అక్క నా చేయి నొక్కింది. అమ్మమ్మ ఇంట్లో పండగపూట అందరం చాపలు పరచుకుని కూర్చున్న రోజులు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి.

మర్నాడు తొమ్మిదింటికి తెల్లారింది. బాల్కనీలో కట్టిన ఓట్స్ పన మీద పసుపు పొట్ట, నల్ల తల ఉన్న చిన్న పిట్ట ఒకటి వాలింది. పాప ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఫోటో తీసి నాన్నకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోను చేశారు. "పనలాగే కట్టి వదిలేశారేమిటమ్మా? కంకుల్ని జడలా అల్లితే గాలికి రాలదు. పాపను పిలువు, ఎలా అల్లాలో నేను చెబుతాను."