ఆన్‌లైన్ కో-ఆప్ అని ఉంటే కొన్నాం, కథ మాత్రం ఎవరికి వారే ఆడుకున్నాం: నా అనుభవం

ముందే చెబుతున్నా, ఆ గేమ్ చెడ్డదని కాదు. కథ బాగుంది, సంగీతం ఇంకా బాగుంది, ఒక్కరే ఆడుకునేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. నా గొడవంతా ఆన్‌లైన్ స్టోర్‌లోని దాని పేజీలో, గేమ్‌లో ఏమేం ఉన్నాయో చెబుతూ పక్కన కనిపించే చిన్న చిన్న టిక్కుల గురించి. గేమ్ పేరూ స్టోర్ పేరూ రాయడం లేదు. రాస్తే అభిమానులు దిగి కొట్టుకుంటారు, అసలు సంగతి మూలన పడుతుంది.

నేనూ మా తమ్ముడూ చెరో ఊళ్లో ఉంటున్నాం. రాత్రిపూట కాసేపు ఫోన్లో మాట్లాడుకుంటూ, ఒకే కథను మొదటి నుంచి చివరి దాకా ఇద్దరం కలిసి ఆడాలి. మా కోరిక ఇంతే. ఫిల్టర్‌లో కో-ఆప్, అంటే ఒకే జట్టుగా కలిసి ఆడేవి, పెట్టి వెతికాం. ట్రైలర్‌లో ఇద్దరు హీరోలు పక్కపక్కనే పరిగెడుతున్నారు. పేజీలో మల్టీప్లేయర్, కో-ఆప్, ఆన్‌లైన్ కో-ఆప్ అని మూడింటికీ టిక్కులున్నాయి. చెరో కాపీ కొన్నాం. డబ్బు కట్టడం, డౌన్‌లోడ్, అకౌంట్ తెరవడం అన్నీ సాఫీగా అయిపోయాయి. డబ్బు తీసుకునే దగ్గర ఏ స్టోరూ తడబడదు లెండి.

గేమ్ తెరిస్తే మెయిన్ మెనూలో కలిసి ఆడే బటన్ బూడిద రంగులో, మీద చిన్న తాళం బొమ్మతో ఉంది. మౌస్ దాని మీద పెడితే కథ కొనసాగించండి అని ఒక్క ముక్క. ఎక్కడి దాకా కొనసాగించాలో చెప్పడు.

"అన్నా, నీకు తెరుచుకుందా?"

"లేదురా. నీకు?"

"నాకూ లేదు. ఆ వంతెన దాటాక వస్తుందేమో."

వంతెన దాటాం. ఊరు దాటాం. నేను ఒక గుహలో, వాడు అదే గుహలో, కానీ నా గుహలో వాడు లేడు, వాడి గుహలో నేను లేను. "ఇక్కడ ఎడమ పక్క పెట్టె ఉంది, తెరువు" అని నేను చెబితే "అది ఇందాకే తీసుకున్నా" అంటాడు. ఇలా చాలాసేపు నడిచాక తాళం విడింది. లోపల ఉన్నది కథ కాదు. వేరే మ్యాపులు, గుంపులు గుంపులుగా వచ్చి మీద పడే శత్రువులు, ఎంతసేపు నిలబడితే అన్ని పాయింట్లు. మరి ట్రైలర్‌లోని రెండో హీరో ఎవరంటే, కంప్యూటర్ నడిపే తోడు పాత్ర.

సరే, రీఫండ్ అడుగుదాం అనుకున్నాం. అసలు పురాణం ఇక్కడ మొదలైంది.

కొన్న 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటల లోపు అయితే డబ్బు వెనక్కిస్తారు. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లోనూ ఎపిక్‌లోనూ ఇదే నియమం, మేం కొన్నచోటా ఇలాంటిదే. మా తమ్ముడికి కట్‌సీన్, అంటే మధ్యలో సినిమాలా నడిచే కథ ముక్క, కనబడితే చాలు, స్కిప్ నొక్కేస్తాడు. దానివల్ల వాడి లెక్క రెండు గంటలు దాటలేదు. బటన్ నొక్కాడు, డబ్బు వచ్చేసింది. నేను ప్రతి డైలాగూ విని, దారిలో దొరికిన ప్రతి ఉత్తరం చదివి ముందుకెళ్లే రకం. నాది దాటింది. కథను పట్టించుకోనివాడికి డబ్బు, శ్రద్ధగా ఆడినవాడికి తిరస్కరణ!

మొదటి జవాబు యంత్రం పంపిందే, అది నాకూ తెలుసు. అందుకే మళ్లీ వివరంగా రాశాను. కో-ఆప్ అని చూసే కొన్నాను, ఆ మోడ్ తెరుచుకునేసరికే రెండు గంటలు దాటిపోయాయి, తెరుచుకోకముందు అందులో ఏముందో తెలుసుకునే దారి మీ పేజీలో లేదు అని. స్క్రీన్‌షాట్లు కూడా పెట్టాను. దానికి ఒక మనిషి, అంటే మనిషి పేరుతో ఒకరు, జవాబిచ్చారు: ఈ గేమ్‌లో ఆన్‌లైన్ కో-ఆప్ ఉంది, కాబట్టి లేబుల్ సరైనదే. కింద ఒక నవ్వు బొమ్మ. ఆ కింద ఒక లింకు. తెరిస్తే కొత్తగా గేములు మొదలుపెట్టేవారికి కో-ఆప్ అంటే ఏమిటో చెప్పే పేజీ. ఊహ తెలిసినప్పటి నుంచి గేములు ఆడుతున్న నాకు! ఇంట్లో వాళ్లకు చూపిస్తే వాళ్లూ నవ్వారు. ఆ నవ్వు బొమ్మ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మళ్లీ రాస్తే, లేబుళ్లు పబ్లిషర్ ఇచ్చేవి, వాళ్లనే అడగండి అన్నారు. పబ్లిషర్‌కు రాస్తే, కొనుగోలు విషయాలు స్టోర్ చూసుకుంటుంది, అక్కడ అడగండి అన్నారు. ఇద్దరి మధ్యా బంతినైపోయాను. నిజానికి ఇందులో ఆ ఇద్దరిలో ఎవరికీ నష్టం లేదు. టిక్కు పెట్టడానికి పైసా ఖర్చు కాదు, పెడితే ఫిల్టర్‌లో గేమ్ పైకి తేలుతుంది, అమ్మకం జరిగితే స్టోర్‌కూ వాటా. కొన్నవాడు రెండు గంటలు దాటితే ఇద్దరూ చేతులు దులిపేసుకోవచ్చు.

పౌరుషానికి పోయి ఈ లేబుళ్ల సంగతంతా తవ్వాను. స్టీమ్ అయితే కనీసం విడగొట్టి చెబుతుంది: ఆన్‌లైన్ కో-ఆప్ వేరు, ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఆడే లాన్ కో-ఆప్ వేరు, ఒకే తెర మీద ఆడే షేర్డ్ లేదా స్ప్లిట్ స్క్రీన్ కో-ఆప్ వేరు. ఒకరితో ఒకరు తలపడే పీవీపీకి మళ్లీ ఇవే మూడు రకాలు. అయినా కథ కలిసి ఆడొచ్చా, రెండు కాపీలు కావాలా, ఆడినదంతా ఎవరి సేవ్‌లో, అంటే ఎక్కడిదాకా వచ్చామో దాచే ఫైల్లో, పడుతుంది అన్నవి ఆ టిక్కుల్లో ఉండవు. 2011లో వచ్చిన పోర్టల్ 2నే చూడండి. కో-ఆప్ అద్భుతంగా ఉంటుంది, కానీ అది రెండు రోబోలతో నడిచే వేరే కథ. అసలు కథ, అంటే హీరోయిన్ చెల్ కథ, ఒక్కరే ఆడాలి. డార్క్ సోల్స్ మొదటి భాగంలో పిలిస్తే స్నేహితుడు వచ్చి బాస్‌ను, అంటే దారికి అడ్డుండే పెద్ద శత్రువును, చంపడంలో సాయం చేస్తాడు. తర్వాత అతను తన లోకానికి వెళ్లి అదే బాస్‌ను మళ్లీ చంపుకోవాలి. డెత్ స్ట్రాండింగ్‌లోనైతే ఇతరులు కట్టిన వంతెనలూ నిచ్చెనలూ మన దారిలో కనిపిస్తాయి, మనుషులు మాత్రం ఎప్పటికీ ఎదురుపడరు. ఇవన్నీ మంచి ఆటలే. కానీ ఆన్‌లైన్ అనే ఒక్క ముక్క చూసి ఇందులో ఏది ఏదో ఎవరు పోల్చగలరు?

ఒకే తెర వాటితో ఇంకో తంటా. కప్‌హెడ్‌లో ఇద్దరు ఆడొచ్చు, అయితే ఇద్దరూ ఒకే మెషీన్ ముందు కూర్చోవాలి. ఓవర్‌కుక్డ్ మొదటిది కూడా అంతే, 2018లో వచ్చిన రెండోదానికి ఆన్‌లైన్ ఇచ్చారు. దూరంగా ఉన్నవాళ్లకు స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ అనే దారి 2019 నుంచి ఉంది. ఒకరి దగ్గర గేమ్ నడుస్తుంది, రెండోవారికి దాని వీడియో వెళ్తుంది, వాళ్లు నొక్కిన బటన్లు ఇటు వస్తాయి. ఒక కాపీ చాలు. నెట్ కాస్త అటూ ఇటూ అయితే మాత్రం దూకమన్నప్పుడు దూకకుండా పడిపోయాక దూకుతాడు. గొడవలు మొదలవుతాయి.

పాత రివ్యూలు నమ్మొద్దు. స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో ఒక్కరి ఆటగానే వచ్చింది, పీసీలో మల్టీప్లేయర్ 2018లో కలిపారు. హేలో ఇన్ఫినిట్ సంగతి ఇంకా వింత. 2021 డిసెంబర్‌లో వచ్చినప్పుడు కథకు కో-ఆప్ లేదు. ఆన్‌లైన్‌లో కలిసి ఆడే వీలు 2022 నవంబర్‌లో ఇచ్చారు, స్ప్లిట్ స్క్రీన్ మాత్రం రద్దు చేశారు. కొనే రోజున ఉన్నదే లెక్క, త్వరలో అన్నది లెక్కలోకి రాదు.

కన్సోల్ వాళ్లలో, అంటే గేముల కోసమే మెషీన్లు చేసేవాళ్లలో, నింటెండో పద్ధతి నాకు నచ్చింది. అంకెలు రాస్తారు. మారియో కార్ట్ 8 డీలక్స్‌కు ఒకే మెషీన్ మీద 4, దగ్గర దగ్గరున్న మెషీన్లు కలిపితే 8, ఆన్‌లైన్‌లో 12 మంది. ఇంత తేలికైన పని మిగతావాళ్లకు ఎందుకు బరువో! ప్లేస్టేషన్‌లో అయితే డబ్బు పెట్టి కొన్న చాలా గేములకు ఆన్‌లైన్ ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా కూడా ఉండాలి, ఆ వాక్యం పేజీలో ఎక్కడుందో చూసుకోండి.

కొనే ముందు కో-ఆప్టిమస్ అనే సైట్ చూడండి. ఆన్‌లైన్‌లో ఎంతమంది, ఒకే తెర మీద ఎంతమంది, కథ కలిసి ఆడొచ్చా అన్నది గేమ్ వారీగా ఉంటుంది. నెగటివ్ రివ్యూలే చదవండి, పొగిడేవాళ్లకు ఇవేమీ పట్టవు. ఇద్దరూ ఒకేసారి కొనకండి. ఒకరు కొని, కట్‌సీన్లన్నీ స్కిప్ చేసుకుంటూ మెనూ దాకా వెళ్లి చూస్తే చాలు. కథ పాడవుతుందంటారా, డబ్బు కంటే ఎక్కువేం కాదు. సపోర్ట్‌కు రాసేటప్పుడు మర్యాదగా, వివరంగా రాయకండి, మూడు లైన్లు చాలు. మా గేమింగ్ గ్రూపులో ఇప్పుడు ఎవరు ఏది కొనాలన్నా ముందు నన్నే అడుగుతున్నారు. ఇద్దరు ముగ్గురిని ఆఖరి నిమిషంలో ఆపాను కూడా.

ఇంతకీ నా డబ్బు వచ్చింది. సపోర్ట్‌లో వేరే ఎవరో నా ఫిర్యాదు తీసుకుని, ఈ ఒక్కసారికి మినహాయింపు అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేశారు. లేబుల్ గురించి ఒక్క మాట లేదు, ఆ మూడు టిక్కులూ పేజీలో చెక్కుచెదరలేదు. వచ్చిన డబ్బుతో ఇట్ టేక్స్ టూ కొన్నాను. 2021 నాటి గేమ్, ఇద్దరు లేకపోతే అసలు నడవదు, రెండోవారు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. మా వాడు డౌన్‌లోడ్ పెట్టి, ఇందులో కట్‌సీన్లు ఎక్కువా అన్నా అని అప్పుడే మెసేజ్ పెట్టాడు.